అలాస్కా క్రూజ్‌కి విమానం టికెట్లు: ఓడ కంపెనీ దగ్గర కొనాలా, మనమే కొనుక్కోవాలా?

ప్రశ్న: మేం డాలస్ పక్కన ఫ్రిస్కోలో ఉంటాం. వచ్చే జూన్ మూడో ఆదివారం సియాటిల్ నుంచి బయల్దేరే ఏడు రాత్రుల అలాస్కా క్రూజ్ బుక్ చేశాం. మేమిద్దరం, ఇద్దరు పిల్లలు, మే నెలలో గుంటూరు నుంచి రాబోతున్న మా అత్తగారు, మామగారు, మొత్తం ఆరుగురం. రెండు క్యాబిన్లకు కలిపి 8,900 డాలర్లు. 1,500 డిపాజిట్ కట్టాం, మిగతాది మార్చి మధ్యలో కట్టాలి. విమానం టికెట్లు కూడా తామే ఇస్తామని ఓడ కంపెనీ అంటోంది. ఓడ బయల్దేరే రోజు పొద్దున 7 గంటల ఫ్లైట్, మనిషికి రానూ పోనూ 512 డాలర్లు. అదే టికెట్ ఎయిర్‌లైన్ దగ్గర 428కే ఉంది. "వాళ్ల దగ్గర కొంటే ఫ్లైట్ లేటయినా ఓడ మన కోసం ఆగుతుంది, 504 డాలర్లు పోతే పోయాయి, టెన్షన్ ఉండదు" అంటారు మా వారు. నాకు మనసొప్పడం లేదు. మా ఇద్దరికీ గ్రీన్ కార్డు ఉంది, పిల్లలు ఇక్కడే పుట్టారు. మా దగ్గర 70,000 ఎయిర్‌లైన్ మైల్స్ కూడా ఉన్నాయి. ఏం చేయమంటారు?

జవాబు: ముందు మీ వారి మాట సంగతి చూద్దాం. ఈ 504 డాలర్లూ ఆ నమ్మకం మీదే ఆధారపడి ఉన్నాయి. ఓడ ఆగుతుందని షరతుల్లో ఎక్కడా ఉండదు. ఓడ కంపెనీ ఇచ్చే మాట వేరు. ఫ్లైట్ తప్పితే ఇంకో ఫ్లైట్ చూస్తాం, ఓడ అందకపోతే తర్వాతి రేవులో మిమ్మల్ని ఓడ ఎక్కించడానికి సాయపడతాం, ఇంతవరకే. ఈ సాయానికి విలువ లేదని అనను. మయామి నుంచి కరీబియన్ వెళ్లే ఓడ తప్పిపోతే, చేతిలో పాస్‌పోర్టూ వీసా ఉన్నవాళ్లు మెక్సికోలోని కోజుమెల్ దాకా విమానంలో వెళ్లి అక్కడ ఓడ ఎక్కవచ్చు. హోటల్, భోజనం ఖర్చు ఎవరిదో మాత్రం షరతుల్లో చదువుకోవాలి. చాలాసార్లు అది మనదే.

మీది మయామి కాదు, సియాటిల్. ఇక్కడ 1886 నాటి చట్టం ఒకటి అడ్డొస్తుంది. పాసింజర్ వెసెల్ సర్వీసెస్ యాక్ట్ అంటారు. విదేశీ జెండాతో నడిచే ఓడలు అమెరికాలో ఒక రేవులో మనిషిని ఎక్కించుకుని ఇంకో అమెరికా రేవులో దించకూడదు. అలాస్కా వెళ్లే పెద్ద క్రూజ్ ఓడలు దాదాపు అన్నీ విదేశీ జెండావే. సియాటిల్‌లో ఎక్కి సియాటిల్‌లోనే దిగితే, మధ్యలో ఏదో ఒక విదేశీ రేవులో ఆగితే చాలు. అందుకే ఈ ఓడలు తిరిగొచ్చేటప్పుడు కెనడాలోని విక్టోరియాలో కొన్ని గంటలు ఆగుతాయి. మీరు సియాటిల్‌లో ఓడ అందుకోలేక అలాస్కా రేవులైన కెచికాన్‌లోనో జూనోలోనో ఎక్కారనుకోండి. అప్పుడు మీ ప్రయాణం ఒక అమెరికా రేవు నుంచి ఇంకో అమెరికా రేవుకు అయిపోతుంది. దానికి విక్టోరియా లాంటి దగ్గరి విదేశీ రేవు సరిపోదు, దూరపు విదేశీ రేవు ఉండాలని చట్టం. జరిమానా ప్రయాణికుడి లెక్కన పడుతుంది కాబట్టి ఓడవాళ్లు ఎక్కించుకోరు. అంటే మీరు 504 డాలర్లు పెట్టి కొనబోతున్న ధీమాలో ముఖ్యమైన భాగం, ఆ "తర్వాతి రేవు", మీ దారిలో దాదాపు పనికిరాదు.

హ్యూస్టన్‌లో ఉండే నా క్లయింట్ ఒకరికి సరిగ్గా ఇలాగే జరిగింది. టికెట్లు ఓడ కంపెనీ దగ్గరే కొన్నారు. పొద్దున ఉరుములతో వాన పట్టుకుంది, విమానం ఎక్కి కూర్చున్నాక మూడు గంటలు కదల్లేదు, చివరికి అందర్నీ దించేశారు. గేటు దగ్గర్నుంచి నాకు ఫోన్ చేశారు. వెనక వాళ్లమ్మగారి గొంతు వినబడుతోంది, "చేగోడీల డబ్బా విమానంలో మర్చిపోయామురా" అని. అసలు సంగతి ఆమెకింకా చెప్పలేదు. హెల్ప్‌లైన్‌లో మాట్లాడినావిడ చాలా మర్యాదగా మాట్లాడిందట, వేరే ఫ్లైట్ కోసం వెతికిందట. సాయంత్రం 4 లోపు సియాటిల్ చేరే విమానంలో ఐదు సీట్లు ఎక్కడా లేవు. జూనోలో ఎక్కుతామంటే కుదరదన్నారు. ఇంటికి తిరిగొచ్చేశారు. ఇన్సూరెన్స్ తీసుకున్నారు కాబట్టి కొంత డబ్బు వచ్చింది. వాళ్లమ్మగారు మాత్రం మంచు కొండ చూడకుండానే ఇండియా వెళ్లిపోయారు. ఆ కుటుంబానికి నేను ముందే గట్టిగా చెప్పి ఉండాల్సిన మాటే ఇప్పుడు మీకు చెబుతున్నాను: శనివారమే సియాటిల్ చేరండి.

ఇప్పుడు లెక్క చూద్దాం. సొంతంగా కొంటే ఆరుగురికి 2,568 డాలర్లు. ఓడ కంపెనీ దగ్గరైతే 3,072. శనివారం రాత్రి సియాటిల్ ఎయిర్‌పోర్టు దగ్గర రెండు గదులకు పన్నులతో కలిపి 520 వేసుకోండి. 2,568కి 520 కలిపితే 3,088. అంటే ఓడ కంపెనీ ధర కన్నా 16 డాలర్లు మాత్రమే ఎక్కువ. ఆ రాత్రి భోజనం, ఎయిర్‌పోర్టు నుంచి హోటల్‌కి కారు, ఇంకో వంద అనుకోండి. ఇంచుమించు అదే డబ్బుతో ఒక పూర్తి రాత్రి చేతిలో మిగులుతుంది. శనివారం ఫ్లైట్ రద్దయితే మర్నాడు పొద్దున ఫ్లైట్లు ఉన్నాయి. ఆదివారం పొద్దున ఫ్లైట్ రద్దయితే మీకు మిగిలేది కొన్ని గంటలే, అది ఎవరు అమ్మిన టికెట్ అయినా సరే. శనివారం ఛార్జీ ఓ ఇరవై, ముప్ఫై తేడా ఉన్నా ఈ లెక్క మారదు.

2024 జూలై 19 గుర్తుందా? క్రౌడ్‌స్ట్రైక్ అనే సెక్యూరిటీ సాఫ్ట్‌వేర్ కంపెనీ అప్‌డేట్ వల్ల ప్రపంచమంతటా లక్షల కంప్యూటర్లు ఆగిపోయి నీలం తెర చూపించిన శుక్రవారం అది. ఒక్క డెల్టాయే ఆ తర్వాతి ఐదు రోజుల్లో దాదాపు 7,000 ఫ్లైట్లు రద్దు చేసింది. అలాంటి రోజున ఎంత పెద్ద ఓడ కంపెనీ అయినా లేని సీట్లు పుట్టించలేదు. అంత పెద్ద గొడవ అరుదే అనుకున్నా, డాలస్‌లో వేసవి ఉరుముల వానలు మీకు తెలియనివి కావు. పైగా స్కూళ్లకు సెలవులు, విమానాలన్నీ నిండి ఉంటాయి.

శనివారం ఫ్లైట్‌ని కూడా ఓడ కంపెనీ దగ్గరే కొనొచ్చు కదా అని మీ వారు అడగవచ్చు. కొనొచ్చు. అప్పుడు 3,072 మీద హోటల్ 520 కూడా పడుతుంది, 3,592. అది అనవసరం. ఇంకో చిక్కు, టికెట్‌లో ఏం మార్చాలన్నా ఎయిర్‌లైన్ వాళ్లు "మీరు కొన్నచోటే అడగండి" అంటారు. ఎయిర్‌లైన్ దగ్గర నేరుగా కొంటే, ప్రయాణానికి ఏడు రోజులో అంతకన్నా ఎక్కువో గడువున్నప్పుడు, 24 గంటల్లోపు రద్దు చేసుకుని పూర్తి డబ్బు తీసుకునే హక్కు అమెరికా రూల్స్‌లో ఉంది. మధ్యవర్తి దగ్గర కొంటే ఆ రూల్ వర్తించాలని లేదు.

ఈ 24 గంటలు మన తెలుగువాళ్లకు ప్రత్యేకంగా పనికొస్తాయి, పేర్ల వల్ల. మీ మామగారి పాస్‌పోర్టులో ఇంటి పేరు సర్‌నేమ్ గడిలో ఉందా, పేరు ముందే కలిసిపోయి ఉందా, లేక ఆ గడి ఖాళీగా ఉందా, పాస్‌పోర్టు ఫొటో తెప్పించుకుని చూడండి. క్రూజ్ బుకింగ్‌లో, విమానం టికెట్‌లో, వీసాలో, అన్నిచోట్లా ఒకేలా ఉండాలి. కొన్న రాత్రే కూర్చుని ఆరుగురి పేర్లూ అక్షరం అక్షరం సరిచూడండి. తప్పుంటే మర్నాటికల్లా రద్దు చేసి మళ్లీ కొనుక్కోవచ్చు.

టికెట్ల కన్నా ముందు చూసుకోవాల్సిన పని ఇంకొకటుంది. మీ ఉత్తరంలో దాని ప్రస్తావనే లేదు కాబట్టి నాకు కంగారుగా ఉంది. మీ అత్తగారికీ మామగారికీ కెనడా వీసా కావాలి. విక్టోరియాలో ఓడ దిగకుండా గదిలోనే కూర్చున్నా కావాలి. లేకపోతే సియాటిల్‌లోనే ఆపేస్తారు. మీ ఇద్దరికీ భారత పాస్‌పోర్టుతో పాటు గ్రీన్ కార్డు చూపిస్తే సరిపోతుంది, పిల్లలకు అమెరికా పాస్‌పోర్టు ఉంటే చాలు. పెద్దవాళ్లు గుంటూరులో ఉండగానే అప్లై చేసి హైదరాబాద్‌లో బయోమెట్రిక్స్ (వేలిముద్రలు, ఫొటో) ఇచ్చేయమనండి. ఒక్కొక్కరికి ఫీజు 100 కెనడా డాలర్లు, బయోమెట్రిక్స్‌కు 85, ఇద్దరికీ కలిపి 370. వాళ్ల అమెరికా వీసా మీద మల్టిపుల్ ఎంట్రీ అని ఉందో లేదో కూడా చూడండి, ఎందుకంటే కెనడా వెళ్లొస్తే అమెరికాలోకి మళ్లీ ప్రవేశించినట్టే.

ఆ వీసా మార్చి లోపు రాకపోతే ఏం చేయాలి? ఓడ కంపెనీ టికెట్‌కు నిజమైన విలువ ఉన్నది ఇక్కడే, ఒప్పుకోవాలి. వాళ్ల దగ్గర మార్చుకోగల రకం టికెట్ తీసుకుంటే సాధారణంగా ఫైనల్ పేమెంట్ దాకా డబ్బు కట్టక్కర్లేదు, ఈలోపు ఊరికే రద్దు చేసుకోవచ్చు. ఎయిర్‌లైన్ దగ్గరైతే బేసిక్ ఎకానమీ (అన్నిటికన్నా చవక రకం) కాని మామూలు టికెట్‌ను రద్దు చేస్తే జరిమానా లేదు గానీ, డబ్బు బదులు ట్రావెల్ క్రెడిట్ ఇస్తారు. మీకూ పిల్లలకూ అది పరవాలేదు, క్రిస్మస్‌కి ఎక్కడికో వెళ్లినప్పుడు వాడుకుంటారు. పెద్దవాళ్ల పేరు మీద పడిన క్రెడిట్ సంగతి వేరు. కొన్నాళ్లకు వాళ్లు గుంటూరు వెళ్లిపోతారు, మామూలుగా దానికి ఏడాదే గడువు, ఎక్కువ ఎయిర్‌లైన్స్‌లో ఇంకొకరి పేరు మీదకు మార్చరు. ఆ డబ్బు పోయినట్టే.

మీ 70,000 మైల్స్‌కి పని తగిలేది ఇక్కడే. పెద్దవాళ్లిద్దరి టికెట్లు మైల్స్‌తో కొనండి. అమెరికాలోని పెద్ద ఎయిర్‌లైన్స్‌లో మైల్స్ టికెట్ రద్దు చేస్తే మామూలుగా మైల్స్ మళ్లీ మీ ఖాతాలోనే పడతాయి, కొనేముందు ఆ షరతు ఒకసారి చూసుకోండి. కట్టాల్సిన డబ్బు మనిషికి రానూ పోనూ 11 డాలర్ల 20 సెంట్ల సెక్యూరిటీ ఫీజు, అంతే. ఇద్దరికీ రెండు వైపులా మైల్స్ చాలకపోతే వెళ్లేటప్పటికి మైల్స్, వచ్చేటప్పటికి డబ్బు పెట్టండి. మైల్స్ చాలితే మీ నలుగురి టికెట్లు 1,712, పెద్దవాళ్లవి 22, హోటల్ 520, మొత్తం 2,254 డాలర్లు. ఒకరోజు ముందే చేరుతూ కూడా ఓడ కంపెనీ ధర మీద 800 పైగా మిగులుతుంది. రెండు బుకింగులూ అదే ఫ్లైట్‌కి చేసి, ఎయిర్‌లైన్‌కి ఫోన్ చేసి ఒకదానితో ఒకటి లింక్ చేయించండి. ఫ్లైట్ మారితే పెద్దవాళ్లను ఒక విమానంలో, మిమ్మల్ని ఇంకో విమానంలో వేసే ఇబ్బంది తగ్గుతుంది.

ఓడ కంపెనీ టికెట్లు ఎప్పుడూ కొనొద్దని నేను చెప్పడం లేదు. బార్సిలోనాలో ఎక్కి ఏథెన్స్‌లో దిగే క్రూజ్ అయితే మొదట అక్కడే అడగమంటాను. వెళ్లేది ఒక ఊరికి, తిరిగొచ్చేది ఇంకో ఊరి నుంచి అయితే విదేశీ టికెట్లు విడివిడిగా మండిపోతాయి, ఎయిర్‌లైన్స్‌తో ఒప్పందాలున్న ఓడ కంపెనీలు వాటిని ఒక్కోసారి చాలా తక్కువకు ఇస్తాయి. వాంకూవర్‌లో ఎక్కి అలాస్కాలో దిగి ఆంకరేజ్ నుంచి ఎగిరే వాళ్లు కూడా రెండు ధరలూ చూడాలి. మీది రెండు వైపులా డాలస్, సియాటిల్ మధ్య నేరుగా నడిచే విమానం. అందులో వాళ్లు మీకు చేసిపెట్టేది ఏమీ లేదు.

మిగిలిన 800లో కొంత ఇన్సూరెన్స్‌కి పెట్టండి. మీ 8,900 డాలర్లు ప్రమాదంలో పడేది ఫ్లైట్ వల్ల మాత్రమే కాదు, మీ మామగారికి బీపీ పెరిగినా పడతాయి. అప్పటికే ఉన్న జబ్బులకు కూడా కవర్ కావాలంటే మొదటి డిపాజిట్ కట్టాక 14 నుంచి 21 రోజుల్లోపే పాలసీ తీసుకోవాలని చాలా కంపెనీలు షరతు పెడతాయి. మీరు డిపాజిట్ కట్టిన తేదీ ఇవాళే చూడండి. పెద్దవాళ్లు అమెరికా నివాసులు కారు కాబట్టి వాళ్లకు ఇస్తారో లేదో ప్రత్యేకంగా అడగండి. వాళ్ల కోసం తీసుకునే విజిటర్ ఇన్సూరెన్స్ ఓడ మీద, కెనడాలో పనిచేస్తుందో లేదో అదీ అడగండి.

తిరుగు ప్రయాణం సంగతి. ఓడ పొద్దున 7కి వచ్చినా, ఆరుగురి సామాను తీసుకుని, ఇమిగ్రేషన్ దాటి, ఎయిర్‌పోర్టు చేరేసరికి పది దాటుతుంది. ఆదివారం నాడు సియాటిల్ ఎయిర్‌పోర్టులో సెక్యూరిటీ లైన్లు పొడుగ్గా ఉంటాయి. చవగ్గా ఉందని 10:30 ఫ్లైట్ తీసుకోకండి. మధ్యాహ్నం 12:30 తర్వాతది చూడండి. మీ అత్తగారికి మోకాళ్ల నొప్పులుంటే వీల్‌చైర్ కావాలని టికెట్ కొన్నప్పుడే ఎయిర్‌లైన్‌కి చెప్పండి. ఓడకి మళ్లీ విడిగా చెప్పాలి, ఒకచోట చెప్పింది రెండోచోటికి దానంతటది వెళ్లదు.