మద్యం, నిద్రమాత్రలు ఒకేసారి మాన్పించవచ్చా?

ప్రశ్న: మావారికి 44 ఏళ్లు. చాలా ఏళ్లుగా రోజూ తాగుతున్నారు. నిద్ర కోసం అల్‌ప్రాజోలమ్ మాత్రలూ వేసుకుంటారు. ఇప్పుడు చికిత్సకు తానే ఒప్పుకున్నారు. గతంలో రెండు రోజులు మానితే చేతులు వణికి, ఒళ్లంతా చెమటలు పట్టాయి. ఇంట్లోనే మాన్పించవచ్చా? తెలియకుండా ఆహారంలో కలిపే మందు వాడవచ్చా?

జవాబు: ఆయన తనంతట తాను ఒప్పుకున్నారు కాబట్టి ఆలస్యం చేయకుండా మానసిక వైద్యుణ్ని కలవండి. అప్పటిదాకా మద్యాన్ని గానీ, మాత్రలను గానీ ఉన్నపళంగా ఆపించకండి. ఏళ్ల తరబడి మద్యం మెదడును మందగింపజేస్తుంటే, దాన్ని తట్టుకోవడానికి మెదడు తన ఉద్రేకాన్ని పెంచుకుంటుంది. మద్యం హఠాత్తుగా ఆగితే ఆ ఉద్రేకానికి అడ్డు లేకుండా పోయి, 6 నుంచి 24 గంటల్లో వణుకు, చెమటలు మొదలవుతాయి. కొందరికి తొలి రెండు రోజుల్లో ఫిట్స్, రెండు నుంచి నాలుగు రోజుల మధ్య లేనివి కనిపించే మతిభ్రమ రావచ్చు. అల్‌ప్రాజోలమ్‌ను ఒక్కసారిగా ఆపినా ఫిట్స్ రావచ్చు గనుక మీవారి విషయంలో ముప్పు ఎక్కువ.

ఆయనను ఆస్పత్రిలో చేర్చడమే మంచిది. అక్కడ మెదడు ఉద్రేకాన్ని తగ్గించే డయాజెపామ్, కాలేయం దెబ్బతిని ఉంటే అదే తరహా లోరాజెపామ్ ఇచ్చి, ఆ మోతాదును క్రమంగా తగ్గిస్తారు. థయమిన్, అంటే విటమిన్ బి1 ఇంజెక్షన్ కూడా ఇస్తారు. నీరసంగా ఉన్నారు, ముందు గ్లూకోజ్ ఎక్కించమని బంధువులు తొందరపెడుతుంటారు గానీ, థయమిన్ లోపం ఉన్నవారికి అది లేకుండా గ్లూకోజ్ ఒక్కటే ఎక్కిస్తే మెదడు దెబ్బతినే ప్రమాదం ఉంది.

తెలియకుండా కలిపేది సాధారణంగా డైసల్ఫిరామ్. అది తాగాలన్న కోరికను చంపదు. అది వేసుకున్నవారు తాగితే శరీరంలో మద్యం నుంచి పుట్టే అసిటాల్డిహైడ్ అనే విషపదార్థం పేరుకుని వాంతులు, గుండెదడ వచ్చి, బీపీ ప్రాణాపాయ స్థాయికి పడిపోవచ్చు. డైసల్ఫిరామ్ ఆపాక రెండు వారాల వరకూ ఆ ప్రమాదం ఉంటుంది. తనకు తెలియకుండా అలాంటి మందు ఎవరికీ ఇవ్వకూడదు, ఇందులో మినహాయింపు లేదు.

వణుకు తగ్గగానే నయమైందనుకుని చాలామంది ఆగిపోతారు. నిజానికి అక్కడిదాకా జరిగింది శరీరాన్ని కుదుటపరచడమే. కోరికను అదుపుచేసే నాల్‌ట్రెక్సోన్ లేదా అకాంప్రొసేట్, వాటితోపాటు కౌన్సెలింగ్ నెలల తరబడి కొనసాగాలి. మధ్యలో మళ్లీ తాగినా చికిత్స వృథా అయినట్టు కాదు, వెంటనే డాక్టర్‌కు చెప్పాలి.

వెళ్లేటప్పుడు ఆయన వాడే మాత్రల స్ట్రిప్పులన్నీ తీసుకెళ్లండి. ట్రమడాల్ వంటి నల్లమందు తరహా (ఓపియాయిడ్) నొప్పి మాత్రలు వాడుతున్నవారికి నాల్‌ట్రెక్సోన్ ఇవ్వకూడదు. ఈలోగా ఫిట్స్ వచ్చినా, మనుషులను గుర్తుపట్టలేకపోయినా అపాయింట్‌మెంట్ కోసం ఆగకుండా అత్యవసర విభాగానికి తీసుకెళ్లండి.