కెర్నల్‌ని డీబగ్ చేయడానికి రెండో వర్చువల్ మెషీన్ ఎందుకు?

ఆపరేటింగ్ సిస్టమ్‌కి గుండెకాయ లాంటి కెర్నల్ ఒక బ్రేక్‌పాయింట్ (కోడ్‌లో ఇక్కడ ఆగమని పెట్టే గుర్తు) దగ్గర ఆగితే ఆ మెషీన్ మొత్తం ఆగిపోతుంది, అందుకే దాన్ని పరిశీలించే డీబగ్గర్ ఆ మెషీన్ బయట ఉండాలి. మామూలు ప్రోగ్రామ్ ఆగినా కింద కెర్నల్ నడుస్తూనే ఉంటుంది కాబట్టి పక్క విండోలో డీబగ్గర్ పనిచేస్తుంది. కెర్నలే ఆగితే ఆ డీబగ్గర్‌కి సీపీయూలో వంతు ఇచ్చేదెవరు?

లినక్స్‌లో దీనికి కేజీడీబీ అనే, కెర్నల్‌లోనే ఉండే డీబగ్ భాగం ఉంది, 2008లో 2.6.26 వెర్షన్‌తో అసలు కెర్నల్‌లో చేరింది. డీబగ్ చేయాల్సిన కెర్నల్ నడిచే వీఎం (వర్చువల్ మెషీన్) టార్గెట్, డీబగ్గర్ నడిచేది రెండో వీఎం. ఈ రెండింటి సీరియల్ పోర్టులనూ (డేటాని ఒక్కో బిట్‌గా పంపే పోర్టులు) హోస్ట్‌లో, అంటే ఆ వీఎంలను నడిపే అసలు కంప్యూటర్‌లో, ఒక పైపుతో కలుపుతారు. టార్గెట్ బూట్ లైన్‌లో (కెర్నల్ మొదలయ్యేటప్పుడు దానికిచ్చే ఆప్షన్ల వరుస) కేజీడీబీఓసీ అనే ఆప్షన్‌కి ఆ పోర్టు పేరు, వేగం (మామూలుగా 115200) ఇచ్చి, కేజీడీబీవెయిట్ చేర్చితే అది బూట్ మధ్యలోనే ఆగి ఎదురుచూస్తుంది. రెండో వీఎంలో, సింబల్స్ (ఫంక్షన్ల పేర్లు, వాటి అడ్రస్‌లు) ఉన్న వీఎంలినక్స్ అనే కెర్నల్ ఫైల్‌ని జీడీబీ అనే డీబగ్గర్‌లో తెరిచి అదే పోర్టుకి కలపాలి. అన్నట్టు, టార్గెట్ బూట్ లైన్‌లో నోకేఏఎస్‌ఎల్‌ఆర్ ఆప్షన్ మర్చిపోవద్దు. అది లేకపోతే కెర్నల్ ప్రతి బూట్‌కీ వేరే అడ్రస్‌లో కూర్చుంటుంది, మీరు పెట్టిన బ్రేక్‌పాయింట్ ఎక్కడో పడుతుంది.

ఎస్‌ఎస్‌హెచ్‌తో (నెట్‌వర్క్ మీద వేరే మెషీన్‌లోకి లాగిన్ అయ్యే పద్ధతి) టార్గెట్‌లోకి వెళ్లి ఇదంతా చేయొచ్చని చాలామంది అనుకుంటారు. ఎస్‌ఎస్‌హెచ్ సర్వర్ కూడా ఆగిపోయిన కెర్నల్ మీద నడిచే ప్రోగ్రామే కాబట్టి కనెక్షన్ అక్కడే బిగుసుకుపోతుంది. సీరియల్ పోర్టునైతే కేజీడీబీ ఇంటరప్టులతో (హార్డ్‌వేర్ సీపీయూకి పంపే పిలుపులు) పని లేకుండా తానే పదేపదే తడిమి చూసుకుంటుంది. వీఎంలను నడిపే క్యూఈఎంయూ ప్రోగ్రామ్ వాడేవాళ్లకి రెండో వీఎం కూడా అక్కర్లేదు: దాని డీబగ్ స్టబ్ (డీబగ్గర్‌తో మాట్లాడే చిన్న భాగం) గెస్ట్ బయటే, అంటే వీఎం బయటే, ఉంటుంది, -s ఆప్షన్‌తో దాన్ని నడిపి హోస్ట్‌లోని జీడీబీని 1234 పోర్టుకి కలిపితే చాలు.