జీపీఎస్ రిసీవర్ పెట్టినా కంప్యూటర్ టైమ్ ఎందుకు ఊగుతుంది?

అమలాపురంలో ఇంట్లో యూఎస్‌బీ జీపీఎస్ పెట్టినా కంప్యూటర్ గడియారం సెకనులో పదో వంతు దాకా అటూ ఇటూ పోతోందని అడిగారు. రిసీవర్‌కి టైమ్ బాగానే తెలుసు. చిక్కంతా అది మీ కంప్యూటర్‌కి చేరే దారిలో ఉంది.

రిసీవర్ టైమ్‌ని ఎన్‌ఎంఈఏ వాక్యం అనే అక్షరాల వరుసగా పంపుతుంది. అది అక్షరం వెంట అక్షరంగా వస్తుంది. 9600 బాడ్ (సెకనుకు 9600 బిట్లు) వేగంలో ఒక్కో అక్షరానికి మిల్లీసెకను పైనే పడుతుంది. పైగా వాక్యం మొదలయ్యే సమయం ప్రతి సెకనూ కాస్త మారుతుంటుంది. కాబట్టి ఇది ఏ సెకనో తెలుస్తుంది గానీ, సరిగ్గా ఎప్పుడు మొదలైందో తెలియదు.

అది చెప్పేది రిసీవర్‌లోని పీపీఎస్ పిన్, అంటే సెకనుకో పల్స్ ఇచ్చే పిన్. సెకను మొదలైన క్షణానే అందులో వోల్టేజి లేస్తుంది. మంచి టైమింగ్ రిసీవర్లలో తేడా పదుల నానోసెకన్లే. చాలా యూఎస్‌బీ డాంగిల్స్‌లో ఈ పిన్ బయటికి ఉండదు, అందుకే అది ఉన్న మాడ్యూలే కొనండి. ఆ పిన్‌ని రాస్ప్‌బెర్రీ పై అనే చిన్న కంప్యూటర్‌లోని జీపీఐఓ పిన్‌కి (బయటి సిగ్నల్ తీసుకునే పిన్) కలపండి, 3.3 వోల్టులు మాత్రం దాటనివ్వకండి. తర్వాత కంప్యూటర్ గడియారాన్ని సరిచేసే క్రోనీ అనే సాఫ్ట్‌వేర్‌కి రెండూ ఇవ్వండి: సెకను నంబరు ఎన్‌ఎంఈఏ నుంచి, సెకను మొదలయ్యే క్షణం పీపీఎస్ నుంచి. తేడా మైక్రోసెకన్లలోకి దిగుతుంది.

యాంటెన్నాని కొబ్బరిచెట్ల కింద పెట్టకండి, వానకు తడిసిన ఆకులు సిగ్నల్‌ని బాగా తగ్గిస్తాయి. డాబా మీద, ఆకాశం నాలుగు వైపులా కనిపించే చోట బిగించండి. సముద్రపు గాలికి కనెక్టర్ తుప్పు పడుతుంది, దానికి వాటర్‌ప్రూఫ్ టేపు తప్పకుండా చుట్టండి.