అన్వేషణ ఖర్చుల పట్టిక ముందేసుకున్న అమ్మడికి

చిరంజీవి అమ్మడికి పెదనాన్న ఆశీస్సులు.

మొన్న మీ నాన్న బెజవాడ వచ్చినప్పుడు నీ ప్రాజెక్టు కాగితాలు ఇచ్చి వెళ్లాడు. ఖనిజాలు, చమురు వెతకడానికి ఆస్ట్రేలియా పెడుతున్న ఖర్చుని మన దేశంతో పోల్చాలనుకోవడం మంచి ఆలోచనే. కానీ మొదటి పేజీలోనే "ఖర్చు పెరిగింది కాబట్టి అన్వేషణ పెరిగింది" అని రాశావు చూడు, దాని కింద ఎర్ర సిరాతో గీత గీశాను. కోప్పడటం లేదులే. డ్రిల్లింగ్ లెక్కలు రాసిన రోజుల్లో ఆ వాక్యం నేనూ రాశాను. ఖర్చు ఒకటిన్నర రెట్లయిందని గొప్పగా నోట్ పెడితే పైఅధికారి ఒక్కటే అడిగాడు: "మీటర్లెన్నయ్యా?" తీసి చూస్తే నిరుటికన్నా తక్కువ. పెరిగింది రిగ్గు, అదే తవ్వే యంత్రం, అద్దె.

ఊళ్లో మనం బోరు వేయించిన రోజు గుర్తుందా? నువ్వప్పుడు ఆరో తరగతి. తాతయ్య అరచేతిలో కొబ్బరికాయ లేచి నిలబడ్డ చోట బండి పెట్టించాడు. మూడొందల అడుగులు దిగినా తెల్లటి రాతిపిండే లేచింది తప్ప చెమ్మ కనపడలేదు. అక్కణ్నించి అడుక్కి రేటు పెరుగుతుందని బండివాడు ముందే చెప్పాడు. తాతయ్య వినలా, ఇంకో యాభై దించమన్నాడు. నీళ్లు పడలేదు. రెండోది పక్క చేలో నీళ్లు పడ్డ బోరుకి దగ్గర్లో వేశాం, నూట ఎనభైకే పడ్డాయి. సగం డబ్బుకే పని అయింది. అయితే ఆ చోట నీళ్లున్నాయని మనకు ముందే తెలుసు కదా. కొత్త చోటు ఉందో లేదో చూసింది మొదటి బోరే, అది ఎండిపోయినా సరే.

ఆస్ట్రేలియా వాళ్ల గణాంక శాఖ పట్టికలో ఈ తేడా ఉంది, నువ్వు దాన్ని వదిలేశావు. కొత్త నిక్షేపాల కోసం ఎంత, తెలిసిన నిక్షేపాల చుట్టూ ఎంత అని విడివిడిగా ఇస్తారు, పక్కనే తవ్విన మీటర్లూ ఉంటాయి. పెద్ద వాటా తెలిసిన చోటికే పోతుంటుంది. మొత్తం పెరిగి, కొత్త చోటి వాటా తగ్గిందంటే అందరూ మన రెండో బోరే వేస్తున్నారన్నమాట. నీ ప్రాజెక్టుకి అసలు సరుకు అక్కడుంది.

2011-12లో అక్కడ ఖనిజాన్వేషణ ఖర్చు 400 కోట్ల ఆస్ట్రేలియా డాలర్ల దాకా వెళ్లి, నాలుగేళ్లలో సగానికన్నా కిందికి జారింది. ఇనుప ఖనిజం ధర లేచినప్పుడు లేచింది, పడినప్పుడు పడింది. 2014లో చమురు ధర కూలాక పెట్రోలియం వైపూ అదే కథ. అందుకని ఖర్చు గీత పక్కన ధర గీత కూడా గియ్యి. ఇంకో మాట, అక్కడ జనవరి-మార్చి త్రైమాసికం ఏటా పడిపోతుంది. ఉత్తరాన వానలు, పైగా కొత్త సంవత్సరం సెలవులు, బండ్లు కదలవు. దాన్ని చూసి "కుప్పకూలింది" అని రాసేవు! రుతు ప్రభావం తీసేసిన అంకెలు వేరే ఇస్తారు, అవి వాడు. వాళ్ల ఆర్థిక సంవత్సరం జులైలో మొదలవుతుంది, మనది ఏప్రిల్‌లో. ఈ రెంటినీ పక్కపక్కన పెట్టేముందు త్రైమాసికాలు కూడుకో.

మన వైపు ఇంకో చిక్కు. అక్కడి పట్టికలో ఉన్నది ప్రైవేటు కంపెనీల ఖర్చు. మన ఖనిజాల్లో వెతుకులాట భారం చాలావరకు ప్రభుత్వ సంస్థలదే. గనుల చట్టానికి 2015లో చేసిన సవరణతో జాతీయ ఖనిజాన్వేషణ ట్రస్టు పెట్టి, గనుల లీజుదార్లు సర్కారుకి కట్టే రాయల్టీ మీద 2 శాతం అందులో వేయాలన్నారు. 2025లో దాన్ని 3 శాతం చేశారు. రెండు దేశాల అంకెల్నీ ఒకే గాటన కట్టకు.

చమురులోనైతే 1999 నుంచి నెల్ప్ అనే లైసెన్సు విధానం కింద వెతకడానికి ఇచ్చిన బ్లాకుల్లో కంపెనీ ముందు తన ఖర్చు రాబట్టుకునేది, మిగిలిన లాభంలోనే సర్కారుకి వాటా. ఖర్చు ఎక్కువ చూపితే నొప్పి ఎవరికో నువ్వే చెప్పు. 2016లో దాని బదులు హెల్ప్ అనే కొత్త విధానం వచ్చి, వాటాని లాభం మీద కాకుండా రాబడి మీద పెట్టింది. నీ గ్రాఫులో 2016 దగ్గర నిలువు గీత గీసి, కింద ఈ సంగతి రెండు ముక్కల్లో రాయి.

ఈ ఏటి ఖర్చు పక్కన ఈ ఏటి ఉత్పత్తి పెట్టి "ఫలితం లేదు" అన్న పేరా మొత్తం కొట్టేశాను. కాకినాడ ఎదుటి సముద్రంలో కేజీ-డీ6 అనే కృష్ణా-గోదావరి బ్లాకులో గ్యాస్ కనపడింది 2002లో, బయటికొచ్చింది 2009 ఏప్రిల్‌లో. ఈ ఏటి ఉత్పత్తి పక్కన అన్నేళ్ల వెనకటి ఖర్చు పెట్టి చూడు.

ఆదివారం గుంటూరు నుంచి వచ్చేటప్పుడు మీటర్ల పట్టిక ప్రింటు తీసి తీసుకురా. ఫోన్‌లో చూపించకు, నాకా చిన్న అంకెలు ఆనవు.

మీ పెదనాన్న