అన్న అమ్ముతున్నాడు, చెల్లెళ్ల సంతకాలు ఏవి?

ప్రశ్న: హైదరాబాద్ మల్లేపల్లిలో ఒక పాత అపార్ట్‌మెంట్‌లో నాలుగో అంతస్తు ఫ్లాట్ చూశాం. నా భార్య లక్డీకాపూల్‌లో నర్సు, నైట్ డ్యూటీలు ఉంటాయి, దగ్గరవుతుందని. అమ్మే ఆయన ముస్లిం. వాళ్ల నాన్న తన స్థలాన్ని బిల్డర్‌కు డెవలప్‌మెంట్‌కు ఇచ్చి, తన వాటాగా ఈ ఫ్లాట్ తీసుకున్నారట. బతికుండగానే నోటిమాటగా కొడుక్కి ఇచ్చేశారని, తర్వాత స్టాంపు పేపర్ మీద రాసి నోటరీ చేయించారని చెప్తున్నారు. ఆ పెద్దాయన ఇప్పుడు లేరు. తల్లి ఉన్నారు. ఇద్దరు చెల్లెళ్లలో ఒకరు టోలీచౌకీలో, ఒకరు జెడ్డాలో ఉంటారు. పక్క ఫ్లాట్ల కంటే తక్కువకే ఇస్తానంటున్నారు. మా బంధువులేమో ‘ఆ ఏరియాలో ఎందుకు’ అంటున్నారు. వేరే మతంవాళ్ల దగ్గర కొంటే కలెక్టర్ పర్మిషన్ కావాలని ఒకరన్నారు. రెండు లక్షలు బయానా ఇచ్చేశాం, రసీదు ఉంది. టెన్షన్‌గా ఉంది. కొనవచ్చా? - ఒక పాఠకుడు, హైదరాబాద్

జవాబు: కలెక్టర్ పర్మిషన్ సంగతి ముందు పక్కన పెట్టేయండి. అది గుజరాత్ ముచ్చట. అక్కడ 1991 నాటి చట్టం కింద కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటించిన చోట్ల స్థిరాస్తి అమ్మాలంటే కలెక్టర్ అనుమతి తీసుకోవాలి. తెలంగాణలో అలాంటి చట్టం లేదు. ఏ మతంవారి దగ్గరైనా ఏ మతంవారైనా కొనుక్కోవచ్చు. ఇక ఏరియా గురించి మీ బంధువుల మాట. మీ ఆవిడ రాత్రి డ్యూటీ దిగి పది నిమిషాల్లో ఇల్లు చేరడం మీకు ముఖ్యమైతే, ఆ మాట మీరు పట్టించుకోనక్కర్లేదు. నాకు అనుమానం వచ్చింది ధర దగ్గర. పక్క ఫ్లాట్లు కూడా అదే ఏరియాలో ఉన్నాయి కదా, మరి దీనికొక్కదానికే ఎందుకు తగ్గింది? కాగితాల్లో లోటు ఉందని అమ్మేవారికి తెలుసు కాబట్టి.

ముస్లిం వ్యక్తిగత చట్టంలో నోటిమాటగా ఇచ్చే దానం, అంటే హిబా, చెల్లుతుంది. మనలో చాలామంది రిజిస్ట్రేషన్ లేదు కాబట్టి చెల్లదనుకుంటారు. ఆస్తి బదిలీ చట్టం 129వ సెక్షన్ ఈ దానాలకు మినహాయింపు ఇచ్చింది. కాగితం మీద రాసుకున్నా రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదని సుప్రీంకోర్టు 2011లో హఫీజా బీబీ కేసులో చెప్పింది. అయితే మూడు జరిగి ఉండాలి: ఇస్తున్నానని తండ్రి ప్రకటించడం, కొడుకు ఒప్పుకోవడం, స్వాధీనం అప్పగించడం. గొడవంతా వచ్చేది మూడోదాని దగ్గరే. ఫ్లాట్ అద్దెకిచ్చి ఉంటే, దానం తర్వాత అద్దె ఎవరి ఖాతాలో పడింది? ఇంటి పన్ను, కరెంటు మీటరు ఎవరి పేరు మీదికి మారాయి? అన్నీ చివరిదాకా తండ్రి పేరు మీదే ఉంటే, ఆ నోటరీ కాగితం కోర్టులో ఎంత నిలుస్తుందో చెప్పలేం. దానం చేసిన తేదీని, మరణ ధ్రువపత్రంలోని తేదీని పక్కపక్కన పెట్టి చూడండి. చివరి జబ్బులో, మరణభయంతో ఇచ్చిన దానమైతే దానికి వీలునామాకున్న పరిమితులే వర్తిస్తాయి. మిగతా వారసులు ఒప్పుకోకపోతే ఒక వారసుడికి అలా ఇచ్చింది నిలవదు.

హిబా నిలవలేదనుకోండి. తండ్రి తల్లిదండ్రులు అప్పటికే లేకపోతే, భార్యకు 8లో 1 వంతు పోగా మిగిలింది కొడుక్కి రెండు పాళ్లు, ఒక్కో కూతురికి ఒక్కో పాలు. లెక్క వేస్తే మీకు అమ్ముతున్న ఆయనది 32లో 14 వంతులే, సగం కూడా కాదు. మిగతా 18 వంతులు తల్లివి, చెల్లెళ్లవి. ఆయన ఒక్కడి సంతకంతో కొంటే, మొత్తం డబ్బు కట్టి ఆ వాటా మాత్రమే కొన్నట్టు అవుతుంది.

అందుకే ముగ్గురు ఆడవాళ్ల సంతకాలూ కావాలి. హిబా నిజమేనని వాళ్లు ఒప్పుకుంటే సేల్ డీడ్‌లో సమ్మతిదారులుగా చేరితే చాలు. ఒప్పుకోకపోతే అమ్మకందారులుగా చేరి తమ వాటా డబ్బు తీసుకోవాలి. జెడ్డా చెల్లెలు రాలేకపోతే, అక్కడి భారత కాన్సులేట్‌లో పవర్ ఆఫ్ అటార్నీ చేసి పంపాలి. అది ఇక్కడికి చేరిన మూడు నెలల్లోగా స్టాంపు సుంకం కట్టించాలి. ఆమె అమ్మకందారుగా ఉంటే మీకు ఇంకో పని పడుతుంది. ఎన్నారైకి చెల్లించే సొమ్ము మీద టీడీఎస్ (కొనేవారు ముందే పట్టుకుని ప్రభుత్వానికి కట్టాల్సిన పన్ను) మామూలు 1 శాతం కాదు, అంతకంటే చాలా ఎక్కువ. 50 లక్షల లోపయితే అక్కర్లేదన్న వెసులుబాటూ ఆమె విషయంలో ఉండదు. డబ్బు ఇవ్వకముందే ఆడిటర్‌ను కలవండి. ‘సంతకాలెందుకు సార్, ఇండెమ్నిటీ బాండ్ రాసిస్తా’ (నష్టం వస్తే నేనే భరిస్తానన్న హామీ పత్రం) అంటారు చూడండి, దానికి ఒప్పుకోకండి. రేపు చెల్లెలు కేసు వేస్తే ఆ బాండ్ పట్టుకుని మీరు ఆయన మీద ఇంకో కేసు వేసుకోవాలి, అంతే.

ఇక స్థలం. నగరం నడిబొడ్డున పాత బస్తీల్లో మసీదు, దర్గా, గుడి భూములు ఇళ్ల మధ్యే కలిసిపోయి ఉంటాయి. వక్ఫ్ ఆస్తిగానీ దేవాదాయ ఆస్తిగానీ అయితే, తెలియక కొన్నానంటే కుదరదు. రిజిస్ట్రేషన్ శాఖ సైటులో నిషేధిత ఆస్తుల జాబితా చూడండి, వక్ఫ్ గెజిట్ కూడా వెతికించండి. ఆస్తి మీద జరిగిన రిజిస్ట్రేషన్లు చూపే ఈసీ (ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్) ఆన్‌లైన్‌లో 1983 నుంచే వస్తుంది. అంతకుముందువి సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో వెతికించాలి. పాత పత్రాలు ఉర్దూలో ఉంటే అనువాదం చేయించండి, అమ్మే ఆయన చదివి చెప్పింది నమ్మి ఊరుకోవద్దు. ‘ఈ ఫ్లాట్ కొంటున్నాం, అభ్యంతరాలుంటే చెప్పండి’ అని పత్రికా ప్రకటన ఇచ్చేటప్పుడు తెలుగు, ఇంగ్లిష్‌తో పాటు ఉర్దూ పేపర్‌లోనూ ఇవ్వండి. అభ్యంతరం చెప్పగల వాళ్లు చదివేది అదే.

నాలుగో అంతస్తు అన్నారు కదా, జీహెచ్‌ఎంసీ మంజూరు చేసిన ప్లాన్‌లో ఆ అంతస్తు ఉందా? ఇంటి పన్ను రసీదు చూపిస్తారు, అది అనుమతి కాదు. 2015లో బీఆర్‌ఎస్‌కు అప్లై చేశామంటారు (పార్టీ కాదు, కట్టడాల క్రమబద్ధీకరణ పథకం). దరఖాస్తు రసీదు కూడా అనుమతి కాదు. ఎన్నేళ్లు గడిచినా అక్రమ కట్టడం సక్రమం కాదని సుప్రీంకోర్టు 2024 డిసెంబరులో మళ్లీ చెప్పింది. ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ (కట్టడం ప్లాన్ ప్రకారమే ఉంది, నివసించవచ్చని ఇచ్చే పత్రం) చూశాకే లోన్ ఇవ్వాలని బ్యాంకులనూ ఆదేశించింది. ప్లాన్‌లో లేని అంతస్తయితే సంతకాలన్నీ కుదిరినా కొనకండి. భూమిలో అవిభాజ్య వాటా కూడా పంచింది మంజూరైన ఫ్లాట్ల లెక్కనే అయి ఉంటుంది, మీ ఫ్లాట్‌కు మిగిలేది ఏమీ ఉండకపోవచ్చు.

బయానాకు రసీదు ఉందన్నారు, మంచిది. ఇంకో రూపాయి ఇచ్చేముందు అగ్రిమెంట్ రాయించుకోండి. ఫలానా తేదీలోపు తల్లి, చెల్లెళ్లు ముగ్గురూ సంతకం చేయకపోయినా, ప్లాన్ చూపించకపోయినా బయానా మొత్తం వాపసు అని అందులో స్పష్టంగా ఉండాలి. ఈలోగా మీరు, మీ ఆవిడ ఒకసారి టోలీచౌకీ వెళ్లి ఆ చెల్లెలిని నేరుగా కలవండి. అమ్మకం సంగతి ఆమెకు తెలియనే తెలియదని తేలితే, బయానా వెనక్కి అడగాల్సిన రోజు అదే.