రోడ్డును కోయకుండా సాంద్రత తెలుసుకోవచ్చా?

పాఠకుల ప్రశ్నలు – జవాబులు

ప్రశ్న: మా కాలనీలో ఈమధ్యే కొత్త తారు రోడ్డు వేశారు. నాలుగు రోజులు తిరక్కుండానే ఇంజినీర్లు వచ్చి మిషన్‌తో గుండ్రటి ముక్కలు కోసుకుని వెళ్లారు. ఆ గుంతలు పూడ్చారు గానీ, ఒక్క పెద్ద వానకే పూడ్చిన మాలు లేచిపోయింది. ఆస్పత్రిలో స్కానింగ్ చేసినట్టు, రోడ్డును కోయకుండా లోపలి గట్టితనం చూసే పద్ధతి లేదా?
– ఒక పాఠకుడు, మధురవాడ, విశాఖపట్నం

జవాబు: ఉంది. అయితే ఆ పద్ధతుల్లో ఏదీ సాంద్రతను నేరుగా కొలవదు. ఒకటి రేడియో తరంగాల పరావర్తనాన్ని, మరొకటి గామా కిరణాలను, ఇంకొకటి ఉపరితల ఉష్ణోగ్రతను కొలుస్తుంది. ఆ అంకె నుంచి సాంద్రతను రాబట్టాలంటే అదే రోడ్డు నుంచి కోసిన కొన్ని ముక్కలతో సరిచూసుకోక తప్పదు. కాబట్టి మీ కాలనీలో గుంతల సంఖ్య తగ్గించవచ్చు గానీ, పూర్తిగా లేకుండా చేయడం ఇప్పటికి సాధ్యం కాదు.

కోసిన ముక్కతో ఏం చేస్తారో ముందు చూద్దాం. 100 మిల్లీమీటర్ల వ్యాసం, 50 మిల్లీమీటర్ల మందం ఉన్న ముక్కను ఆరబెట్టి తూచితే 905 గ్రాములు వచ్చిందనుకోండి. నీటిలో నానబెట్టి, పైతడి తుడిచి తూచితే 908, నీటిలో వేలాడదీసి తూచితే 516 గ్రాములు. చివరి రెండింటి తేడా 392 గ్రాములు; ఒక ఘన సెంటీమీటరు నీరు ఒక గ్రాము తూగుతుంది కనుక ఆ ముక్క ఘనపరిమాణం 392 ఘన సెంటీమీటర్లు. 905ను 392తో భాగిస్తే సుమారు 2.31, ఘన సెంటీమీటరుకు గ్రాముల్లో అదే దాని సాంద్రత. గాలి అసలే లేకుండా ఆ మిశ్రమం చేరగల గరిష్ఠ విలువ 2.50 అయితే, ఈ ముక్క దానిలో 92.3 శాతం, అంటే గాలిఖాళీలు 7.7 శాతం. మన దేశంలో దట్టమైన తారు మిశ్రమాలకు 92 శాతం ఉండాలన్నది నిబంధన కనుక ఈ ముక్క గట్టెక్కినట్టే. అమెరికాలో లిండెన్, మహోనీ, జాక్సన్ 1989లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం గాలిఖాళీలు 7 శాతం దాటిన తరువాత పెరిగే ప్రతి ఒక్క శాతానికి రోడ్డు ఆయుష్షు సుమారు పదోవంతు తగ్గుతుంది. ఇంజినీర్లు ఈ అంకె కోసం అంత పట్టుబట్టడానికి కారణం ఇదే.

ఈ తూకం నమ్మదగినదే, కానీ అది చెప్పేది ఆ ఒక్క చోటు సంగతి మాత్రమే. ఏడు మీటర్ల వెడల్పు రోడ్డులో ఒక కిలోమీటరు అంటే 7,000 చదరపు మీటర్లు. అందులో పది ముక్కలు కోసినా పరీక్షకు వచ్చేది మొత్తం కలిపి 0.08 చదరపు మీటరు. రోలర్ సరిగా తిరగని అంచులు, రెండు పట్టీలు కలిసే జాయింట్లు ఆ పదింటిలో పడకపోతే రోడ్డంతా బాగున్నట్టే లెక్క. స్కానింగ్ అక్కరకు వచ్చేది ఇక్కడే.

భూమిలోకి రేడియో తరంగాలను పంపి తిరిగివచ్చే సంకేతాన్ని చదివే రాడార్‌ను వాహనానికో, చేతితో తోసే బండికో అమర్చి రోడ్డు పొడవునా నడిపిస్తారు. ఫిన్లాండ్‌లో తారు రోడ్ల గాలిఖాళీలను కొలవడానికి 1990ల నుంచే దీన్ని వాడుతున్నారు. సూత్రం సులువే: ఒక పదార్థం విద్యుత్ క్షేత్రానికి ఎంతగా స్పందిస్తుందో చెప్పే అంకెను డైఎలక్ట్రిక్ స్థిరాంకం అంటారు. అది గాలికి 1, తారుకు (బిటుమెన్‌కు) మూడు లోపు, కంకరకు రాయినిబట్టి దాదాపు 4 నుంచి 8. మిశ్రమంలో గాలి ఎక్కువైతే మొత్తం విలువ తగ్గి, ఉపరితలం నుంచి తిరిగివచ్చే తరంగం బలహీనపడుతుంది. ముందుగా ఒక లోహపు పలకను యాంటెన్నా కింద ఉంచి పూర్తి పరావర్తనాన్ని నమోదు చేసి, రోడ్డు ఇచ్చే సంకేతాన్ని దానితో పోలుస్తారు. రోడ్డు సంకేతం పలక సంకేతంలో 0.40 వంతు ఉంటే స్థిరాంకం దాదాపు 5.4 అవుతుంది, 0.38 వంతు ఉంటే దాదాపు 5.0. ఒక శాతం గాలిఖాళీల తేడాకు ఈ విలువ మారేది 0.1 లోపే కావచ్చు కనుక యాంటెన్నా ఎత్తు, పలక కొలత ఎంత నిక్కచ్చిగా ఉండాలో ఊహించుకోండి.

విశాఖలో దీన్ని వాడేవారు ప్రత్యేకంగా గమనించవలసినవి రెండున్నాయి. మొదటిది నీరు. దాని స్థిరాంకం 80 దాకా ఉంటుంది కనుక, వాన వెలిసిన వెంటనే గానీ, రోలర్ నీటితడి ఆరకముందే గానీ కొలిస్తే సరిగా దిగని వదులు రోడ్డు కూడా గట్టిదిగా కనిపిస్తుంది. రెండవది రాయి. తూర్పు కనుమల్లో చార్నకైట్, ఖోండలైట్ రెండూ దొరుకుతాయి. స్థిరాంకం నుంచి గాలిఖాళీలను రాబట్టడానికి ఒక క్వారీ రాయితో కట్టిన లెక్క మరో క్వారీ రాయికి పనికిరాదు. ఉక్కు కర్మాగారపు స్లాగ్‌ను కంకరగా వాడితే అందులోని ఇనుము వల్ల స్థిరాంకం పెరుగుతుంది కాబట్టి దానికి వేరే లెక్క కట్టవలసిందే.

నా అభిప్రాయంలో టెండరు షరతుల్లోనే ముందు రాడార్ పటం, తరువాత కోత అని రాయాలి. పటంలో అతి తక్కువ, మధ్యస్థం, అతి ఎక్కువ విలువలు చూపిన చోట్ల నుంచే ముక్కలు తీస్తే లెక్కా సరిపడుతుంది, లోపమూ బయటపడుతుంది. ఇష్టం వచ్చిన చోట, సాధారణంగా రోడ్డు నడిమధ్యన, కోయడం వల్ల ఆ రెండూ జరగవు. కోసిన గుంతను మాత్రం తడి తుడిచి, అడుగుకూ అంచులకూ తారు పూసి, వేడి మాలు పొరలుగా వేసి దిమ్మిసతో కొట్టాలి. మీ వీధిలో ఆ పని జరిగినట్టు లేదు.

ప్రశ్న: సైట్‌లో న్యూక్లియర్ గేజ్ అనే పెట్టె చూశాను. రేడియేషన్ ప్రమాదం ఉండదా? రాడార్ కన్నా అది మేలా?
– డిప్లొమా విద్యార్థి, గాజువాక

జవాబు: అందులో సీజియం-137 అనే రేడియోధార్మిక మూలకం ఉంటుంది. పెట్టెను రోడ్డుపై ఉంచితే గామా కిరణాలు తారు పొరలోకి వెళ్లి, చెదిరి, కొన్ని వెనక్కి వచ్చి డిటెక్టర్‌ను చేరతాయి. ఆ లెక్కను బట్టి సాంద్రత చెబుతుంది. మూలకం సీసపు కవచంలో భద్రంగానే ఉంటుంది. అయినా మన దేశంలో అణుశక్తి నియంత్రణ మండలి అనుమతి, శిక్షణ పొందిన మనిషి, ఒంటిపై రేడియేషన్ బ్యాడ్జి, తాళం వేసిన గది తప్పనిసరి. సీజియం అర్ధాయువు 30 ఏళ్లు కాబట్టి, పెట్టె పోగొట్టుకుంటే ఆ సమస్య తరాల పాటు ఉంటుంది. పలచటి పొరలపై కింది పొర ప్రభావం కూడా అంకెలో కలుస్తుందని గుర్తుంచుకోండి. పైగా ఒక్కో చోట దాదాపు నిమిషం ఆగాలి; రాడార్ నడుస్తూనే చదువుతుంది. రేడియోధార్మికత లేకుండా విద్యుత్ క్షేత్రంతో కొన్ని క్షణాల్లోనే చదివే చిన్న గేజ్‌లు కూడా ఉన్నాయి. రోలర్ వెనకే తిరుగుతూ ఇంకో పాస్ కావాలో వద్దో తేల్చుకోవడానికి అవి చక్కగా పనికొస్తాయి, తడికి మాత్రం అవీ రాడార్ లాగే మోసపోతాయి.

ప్రశ్న: థర్మల్ కెమెరాతో కూడా రోడ్డు నాణ్యత తెలుస్తుందట, నిజమేనా?
– ఒక విశ్రాంత ఉద్యోగి, భీమిలి

జవాబు: పని జరుగుతున్నంతసేపే తెలుస్తుంది. వీజీ-30 అనే రకం తారుతో చేసిన మాలు పరిచేటప్పుడు 140 డిగ్రీల సెల్సియస్‌కు తగ్గకూడదు. 90కి పడిపోయేలోగా రోలింగ్ అయిపోవాలి. టిప్పర్‌లో పైనా పక్కలా చల్లారిన మాలు పేవర్ (మాలును పరిచే యంత్రం) వెనక చల్లటి మచ్చలుగా పడుతుంది, ఎంత తొక్కినా ఆ చోటు దిగదు. పక్కపక్క భాగాల మధ్య 14 డిగ్రీల తేడా దాటితే అనుమానించమని అమెరికా ఇంజినీర్లు చెబుతారు. మీ తీరాన సముద్రపు గాలికి పై పొర త్వరగా చల్లారుతుంది, కెమెరా చూసేది ఆ పైపొరనే కనుక రోలర్ ఎక్కకముందు, పేవర్‌కు దగ్గరగా నిలబడి చూడాలి. మచ్చ కనిపిస్తే అది ఏ టిప్పర్ లోడులో వచ్చిందో, ఎన్నో మీటరు దగ్గర ఉందో రాసిపెట్టుకుని, కోత ముక్క అక్కడి నుంచే తీయమని ఏఈ (అసిస్టెంట్ ఇంజినీర్) గారిని అడగండి.