73 దాకా పోలేదు

అమ్మీ,

వచ్చే వారం కాలేజీ సెమినార్‌లో 4294967297 ప్రధాన సంఖ్యా కాదా అన్న దాని గురించి నువ్వే మాట్లాడతావని మీ నాయన ఫోన్‌లో చెప్పాడు. హాస్టల్ తిండి తింటూ ఇంత పని నెత్తికెత్తుకుందేమిటా అనుకున్నాను. అయినా నిద్ర పట్టక, మీ జేజిని లేపి ఆ సంఖ్య చదివి వినిపించాను. "ఎవరి ఫోన్ నంబరు?" అంది.

పొద్దున ఏమైనా తిని వెళ్ళు. సుద్దముక్కలు నీవే పట్టుకెళ్ళు. సరి సంఖ్య కాదు, చివర 5 లేదు, అంకెల మొత్తం 59 కాబట్టి 3తో పోదు. దీనికి నిమిషం చాలు.

నా టెన్షన్ వేరే. కడప దగ్గర పల్లె బడిలో పాఠాలు చెప్పే రోజుల్లో తొమ్మిదో తరగతి పిల్లోడొకడు, "10001 ప్రధాన సంఖ్యేనా సార్?" అన్నాడు. వర్గమూలం నూరు దాటీ దాటనట్టు ఉంటుంది, అంతలోపు ప్రధాన సంఖ్యలతో 97 దాకా భాగించి చూస్తే అయిపోతుంది. 7, 11, 13 అంటూ బోర్డు నిండా భాగహారాలు వేశాను. ఎండాకాలం, చొక్కా వీపుకి అంటుకుపోయింది. 71 అయ్యేసరికి అన్నం బెల్లు కొట్టారు. మిగిలినవి ఐదే. "ప్రధాన సంఖ్యే, రాసుకోండి" అని చేతులు దులుపుకున్నాను.

మర్నాడు వాడు నోటుబుక్కు తెచ్చి నా ముందు పెట్టాడు. 73 × 137. నేను ఆగిన చోటికి సరిగ్గా తర్వాతిది! అప్పుడైనా ఒప్పుకోవాలా? "ఎక్కడ చూసి రాశావురా?" అన్నాను, అందరి ముందు. వాడు పుస్తకం మూసుకుని వెళ్ళి కూర్చున్నాడు. ఆ ఏడు మళ్ళీ నన్ను ఒక్క ప్రశ్న అడగలేదు.

అంతటి గణితవేత్త ఫెర్మా కూడా ఇలాగే పడ్డాడులే. 3, 5, 17, 257, 65537 (ఒక్కోదాంట్లో 1 తీసి, వర్గం చేసి, 1 కలిపితే తర్వాతిది) ప్రధాన సంఖ్యలయ్యాయి కదా, ఆ వరసలో తర్వాత వచ్చే నీ సంఖ్య కూడా అంతే అనుకున్నాడు. 1732లో ఆయిలర్ అనే మరో గణితవేత్త దాన్ని 641 × 6700417గా విడగొట్టాడు. వర్గమూలం దాకా ఉన్న ప్రధాన సంఖ్యలన్నిటితో ఆరు వేల పైచిలుకు భాగహారాలు నీకు అక్కర్లేదు. దీన్ని భాగించే ప్రధాన సంఖ్య ఏదైనా సరే, దాన్ని 64తో భాగిస్తే 1 మిగలాలి. అలాంటివి వరసగా 193, 257, 449, 577. ఐదోదే 641. కానీ నేరుగా 641కి దూకావంటే ఊరుకోను. ముందు నాలుగూ బోర్డు మీద వెయ్యాల్సిందే. రాత్రి నేను వేసి చూసుకున్నాను, శేషాలు 109, 2, 325, 288. నీకు వేరేగా వస్తే ఎంత రాత్రయినా ఫోన్ చెయ్యి.

ఎవరైనా లేచి తప్పంటే, మారు మాట్లాడకుండా వాళ్ళ కాగితం తీసుకుని చూడు తల్లీ.

మీ నాయన ఆ రోజు అదే క్లాసులో, రెండో బెంచీలో ఉన్నాడు. ఇన్నేళ్ళలో ఆ మాట ఒక్కసారీ ఎత్తలేదు.

మీ జేజినాయన